తినుబండారాల బండి చెప్పే పాఠం

పరీక్షలు అయిపోయాయి. వేపచెట్లు పూతతో తెల్లబడ్డాయి. పగలు ఎండ కాస్త చురుక్కుమంటున్నా, సాయంత్రమయ్యేసరికి ప్రాణం హాయిగా ఉంటోంది. ఇలాంటి చైత్రమాసపు సాయంత్రం మీరు విశాఖపట్నంలో ఉంటే ఎక్కడికి వెళతారు? ఇంకెక్కడికి, బీచిరోడ్డుకే!

పదండి, ఈ సాయంత్రం అక్కడి తినుబండారాల బండ్ల దగ్గరికే వెళదాం. కాని ఒక షరతు. జేబులో డబ్బులతోపాటు ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు కూడా ఉండాలి. తినే ముందు చూడాలి. చూసినది రాసుకోవాలి.

ముందుగా ఒంటికి తగులుతున్న ఈ చల్లగాలి సంగతి చూడండి. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది. సముద్రపు నీరు నిదానంగా వేడెక్కుతుంది. నేలమీది గాలి వేడెక్కి తేలికై పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లటి గాలి వచ్చి చేరుతుంది. భూగోళశాస్త్రంలో మీరు చదివిన సముద్ర పవనం ఇదే. ఈ గాలి వల్లనే వాతావరణం సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మనకు హాయిగా అనిపిస్తోంది. ఈ 30 డిగ్రీలు మనకు హాయే. మరి ఇంకెవరికి హాయి? ఈ ప్రశ్నను నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకోండి. జవాబు దారిలో దొరుకుతుంది.

కదిలే వంటశాల

బీచిరోడ్డు పొడుగునా రకరకాల బండ్లు కనిపిస్తాయి. నాలుగు చక్రాల తోపుడుబండ్లు, సైకిలుకు కట్టిన డబ్బాలు, లోపలే పొయ్యి అమర్చిన మోటారు వ్యాన్లు. ఏ బండి అయినా దాని కష్టం ఒకటే. ఇంటి వంటగదిలో ఉండే కుళాయి, తూము, చల్లని అలమర దానికి ఉండవు. అయినా వండిపెట్టాలి.

ఇది కొత్త కష్టం కాదు. 1866లో అమెరికాలోని టెక్సాస్‌లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి ఉండేవాడు. మందల వెంట నెలల తరబడి ప్రయాణం చేసే తన మనుషుల కోసం ఒక పాత సైనిక బండికి వెనకవైపు అరలున్న పెద్ద పెట్టె బిగించి, వంటబండి తయారుచేయించాడు. అలాంటి బండ్లలో ఏమేమి తీసుకువెళ్లేవారో తెలుసా? ఎండు చిక్కుడు గింజలు, ఉప్పు పట్టించిన మాంసం, పిండి, కాఫీ గింజలు. పక్కన ఒక నీళ్ల పీపా. ఆ జాబితాను ఇంకోసారి చూడండి. అన్నీ ఎండినవో, ఉప్పు వేసినవో! ఎందుకు? మొదటి బండి దగ్గరే దీనికి సమాధానం ఉంది.

మురీల బండి: నీరు లేని చోట

విశాఖలో మురీ మిక్స్చరు తెలియనివారు ఉండరు. మురీలనే తెలంగాణలో మరమరాలు అంటారు, రాయలసీమలో బొరుగులు అంటారు. పేరు ఏదైనా తయారీ ఒకటే. ఉప్పుడు బియ్యాన్ని ఉప్పునీళ్లతో తడిపి ఆరబెట్టి, 200 డిగ్రీలకు పైగా వేడెక్కిన ఇసుకలో వేస్తారు. గింజలో మిగిలిన కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరై, బయటికి దారి లేక గింజనే ఉబ్బిస్తుంది. క్షణాల్లో బియ్యపుగింజ బెండులా తేలికైన మురీ అవుతుంది. లోపల తేమ దాదాపు ఉండదు.

సూక్ష్మజీవి బతకాలన్నా, పెరగాలన్నా నీరు కావాలి. నీరు లేని ఆహారంలో అది పెరగలేదు. ఉప్పు వేసిన పదార్థంలో నీరు ఉన్నా, ఆ నీటిని ఉప్పు పట్టి ఉంచుతుంది కాబట్టి సూక్ష్మజీవికి అందదు. అప్పడం, వడియం, ఊరగాయ నెలల తరబడి నిలవ ఉండటంలో రహస్యం ఇదే. టెక్సాస్ బండి రహస్యమూ ఇదే.

ఇప్పుడు మిక్స్చరు కలిపే ఆయన చేతులు గమనించండి. మీరు అడిగాకే కలుపుతాడు. ముందే కలిపి ఉంచడు. ఉంచితే సముద్రపు గాలిలోని తేమ, టమాటా ముక్కల నీరు పీల్చుకుని మురీలు మెత్తబడతాయి. కరకర పోతే ఎవరూ కొనరు. ఆయన రుచి కోసం చేసే పని మన ఆరోగ్యానికి కూడా మంచిదే. కాని పొడిగా ఉన్న ఈ మురీల్లోకి తడిగా చేరేవి ఏమిటి? తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర. అవి ఎప్పుడు తరిగినవి? మూత ఉందా? ఈ రెండు ప్రశ్నలు రాసుకోండి.

బజ్జీల బండి: 100 డిగ్రీల గీత

ఆ కమ్మని వాసన ఎటు నుంచి వస్తోందో చెప్పనక్కరలేదు. మిరపకాయ బజ్జీల మూకుడు దగ్గరికి వచ్చాం. ఎక్కువ దగ్గరికి వెళ్లకండి, నూనె చిందుతుంది.

మూకుడులో నూనె ఉష్ణోగ్రత 170 నుంచి 190 డిగ్రీల దాకా ఉంటుంది. బండి ఆయన దగ్గర ఉష్ణమాపకం లేదు. అయినా ఆయనకు తెలుసు. చిటికెడు పిండి వేస్తాడు. అది అడుగున కూర్చుంటే నూనె ఇంకా కాగలేదు. బుడగలతో చివ్వున పైకి తేలితే కాగింది. క్షణంలో నల్లబడితే మరీ కాగింది. ఎన్నో ఏళ్ల అనుభవం ఆయనకు నేర్పిన కొలమానం అది.

బజ్జీ వేయగానే చుట్టూ బుడగలు లేస్తాయి. నూనె మరుగుతోందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ బుడగలు నూనెవి కావు, పిండిలోని నీటివి. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరై బయటికి తోసుకువస్తోంది. అలా ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. బయటికి తీశాక బజ్జీ చల్లబడుతుంటే లోపలి ఆవిరి కుంచించుకుపోయి, పైన అంటుకున్న నూనెను లోపలికి పీలుస్తుంది. అందుకే తీయగానే జల్లిగరిటెలో బాగా వాడ్చాలి.

బజ్జీ లోపల నీరు ఉన్నంతవరకు అక్కడి ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పైపొర మాత్రం నీరంతా పోయి ఎండి, ఇంకా వేడెక్కుతుంది. సుమారు 140 డిగ్రీలు దాటాక పిండిలోని మాంసకృత్తులు, చక్కెరలు ఒకదానితో ఒకటి చర్య జరిపి బంగారు రంగును, ఆ వాసనను పుట్టిస్తాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయ్యార్ పేరుతోనే దీనిని పిలుస్తారు. ఉడికించిన వంకాయకు లేని వాసన కాల్చిన వంకాయకు ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసిందా? నీటిలో ఉడికేది 100 డిగ్రీలు దాటదు.

జబ్బులు కలిగించే బాక్టీరియాలలో చాలావరకు 75 డిగ్రీల వేడికి నిలవలేవు. మరి మూకుడులోంచి అప్పుడే తీసిన బజ్జీ లోపల కూడా అంతకంటే ఎక్కువ వేడి ఉంది. కాబట్టి కళ్లముందు వేగి, చేతిలో కాలుతున్న బజ్జీ ఆ విషయంలో నమ్మదగినదే. కాని చూడండి, బండి ఆయన దాన్ని నిలువునా చీల్చి పచ్చి ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మరసం పిండాడు. వేడి పదార్థంలోకి మళ్లీ పచ్చిది చేరింది. ఆ ఉల్లిపాయలు ఎప్పుడు తరిగినవన్న పాత ప్రశ్నే మళ్లీ వచ్చింది.

నూనె సంగతి కూడా చూడండి. అదే నూనెను మళ్లీ మళ్లీ కాచితే గాలిలోని ప్రాణవాయువుతో, పిండిలోని నీటితో కలిసి అది విచ్ఛిన్నమవుతుంది. చిక్కబడుతుంది, నల్లబడుతుంది, నురగ కడుతుంది, తక్కువ వేడికే పొగ చిమ్ముతుంది. అలా పుట్టే పదార్థాలు నూనెలో 25 శాతం మించితే ఆ నూనె వాడరాదని మన దేశంలో 2018 జూలై 1 నుంచి నియమం ఉంది. ప్రయోగశాల లేకపోయినా రంగు, నురగ, పొగ అనే మూడు గుర్తులు మీకు చాలు. ఇక బజ్జీని అచ్చు కాగితంలో పెట్టి ఇస్తే వద్దనండి. వేడి నూనెకు అచ్చుసిరా కరిగి బజ్జీకి అంటుతుంది. వార్తాపత్రికల్లో ఆహారం చుట్టడాన్ని 2018 నాటి ప్యాకేజింగు నిబంధనలు నిషేధించాయి.

దోసెల బండి: నాట్యమాడే నీటిచుక్క

దోసెల బండి ఆయన పెనం మీద నీళ్లు చిలకరించాడు. చుక్కలు వెంటనే ఆవిరి కాలేదు. ముత్యాల్లా గుండ్రంగా అయి పెనమంతా పరుగెత్తాయి. చిత్రంగా లేదూ? పెనం 100 డిగ్రీల కంటే ఎంతో వేడిగా ఉన్నప్పుడు చుక్క అడుగుభాగం తాకీతాకగానే ఆవిరి పొరగా మారుతుంది. చుక్క ఆ పొర మీద తేలుతూ, పెనాన్ని తాకకుండా జారిపోతుంది. 1756లో జర్మనీకి చెందిన లైడెన్‌ఫ్రాస్ట్ అనే వైద్యుడు ఈ వింతను వివరించాడు.

చుక్కలు నాట్యమాడాయంటే పెనం మరీ కాగిందని అర్థం. అప్పుడు పిండి వేస్తే అట్టు పరచుకోకుండా గడ్డకడుతుంది. అందుకే ఆయన ఇంకొన్ని నీళ్లు చల్లి తుడుస్తాడు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని నీరు పెనం నుంచి లాక్కుంటుంది. పెనం చల్లబడుతుంది.

ఇప్పుడు పిండి గిన్నెలోకి చూడండి. సన్నటి బుడగలతో పొంగి ఉంది. పప్పులోను, బియ్యంలోను ఉన్న మేలుచేసే బాక్టీరియా పెరిగి ఆమ్లాన్ని, వాయువును తయారుచేశాయి. పుష్యమాసపు చలిలో అదే పిండి పొంగక అమ్మ విసుక్కోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఈ చైత్రంలో రాత్రి రుబ్బితే తెల్లవారేసరికి గిన్నె అంచు దాటుతుంది. పిండి అదే, పప్పు అదే. మారినది ఉష్ణోగ్రత ఒక్కటే.

మొదటి పేజీలో రాసుకున్న ప్రశ్నకు జవాబు దొరికింది. మనకు హాయిగా ఉన్న ఈ వెచ్చదనమే బాక్టీరియాకూ హాయి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా అవి పెరగగలవు. మన వసంతకాలపు సాయంత్రం సరిగ్గా ఆ మధ్యలో ఉంది. దోసెపిండిలో పెరిగినవి మేలుచేసేవి. పైగా వాటి పులుపు చెడ్డవాటిని అణచి ఉంచుతుంది. పక్కనే ఉన్న కొబ్బరి చట్నీకి ఆ రక్షణ లేదు. అందులో నీరు ఉంది, పోషక పదార్థం ఉంది, పులుపు తక్కువ, వేడి లేదు.

ఒక చిన్న లెక్క

అనువైన పరిస్థితుల్లో కొన్ని బాక్టీరియా 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. సాయంత్రం 4 గంటలకు చట్నీలో ఒకే ఒక బాక్టీరియం పడిందనుకోండి. 4 గంటల 20 నిమిషాలకు 2. 4 గంటల 40 నిమిషాలకు 4. 5 గంటలకు 8. ఇదే తీరున పోతే రాత్రి 9 గంటలకు ఎన్ని? 5 గంటల్లో 15 సార్లు రెట్టింపు. అంటే 32,768! అదే రాత్రి 11 గంటల దాకా ఉంచితే? 21 సార్లు రెట్టింపై 20,97,152. చివరి రెండు గంటల్లోనే 20 లక్షలకు పైగా పెరిగాయి చూశారా?

అందుకే "ఎంత శుభ్రంగా చేశారు?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. "చేసి ఎంతసేపైంది?" అనీ అడగాలి.

మళ్లీ వేడిచేస్తే సరిపోదా అంటారేమో. అన్నివేళలా సరిపోదు. ఫ్రైడ్ రైసు బండి దగ్గర మధ్యాహ్నం వండి ఆరబెట్టిన అన్నం చూడండి. బాసిల్లస్ సీరియస్ అనే ఒక బాక్టీరియం గట్టి తొడుగులో సిద్ధబీజంగా మారి, అన్నం ఉడికినా చావకుండా ఉంటుంది. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మేలుకుని పెరిగి ఒక విషాన్ని వదులుతుంది. పెద్దమంట మీద వేయిస్తే బాక్టీరియం చస్తుంది గాని ఆ విషం పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. కాబట్టి అన్నం వేడివేడిగానైనా ఉండాలి, చల్లగానైనా ఉండాలి. ఈ రెంటికీ మధ్య ఎక్కువసేపు ఉండరాదు.

చల్లదనం చంపదు

దాహం వేసిందా? చెరకురసం బండి మోగుతోంది, ఐసు గోళా రంగులు పిలుస్తున్నాయి. గడ్డకట్టిన దానిలో సూక్ష్మజీవి ఎలా బతుకుతుందని అనుకోకండి. చల్లదనం వాటి పెరుగుదలను ఆపుతుందే గాని అన్నిటినీ చంపదు. మురికినీటితో చేసిన ఐసు కరిగితే మళ్లీ మురికినీరే.

దీనికి చరిత్రలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1906 వేసవిలో న్యూయార్కు నగరం దగ్గర ఆయిస్టర్ బే అనే ఊళ్లో, ఒక ఇంట్లో ఉన్న 11 మందిలో 6 మందికి టైఫాయిడ్ వచ్చింది. కారణం కనుక్కోవడానికి వచ్చిన జార్జి సోపర్ అనే ఆరోగ్య ఇంజనీరు అంతా వెతికి, చివరికి ఆ ఇంట్లో కొద్దికాలం పనిచేసి వెళ్లిన మేరీ మాలన్ అనే వంటమనిషి దగ్గరికి చేరాడు. ఆమెకు జ్వరం లేదు, నీరసం లేదు. చూడటానికి సంపూర్ణ ఆరోగ్యవంతురాలు. కాని ఆమె శరీరంలో టైఫాయిడ్ సూక్ష్మజీవులు కాపురం ఉన్నాయి. మరి ఆమె వండిన వంట వేడికి అవి చావాలి కదా? సోపర్‌కూ ఇదే సందేహం వచ్చింది. చివరికి తెలిసిందేమిటంటే, ఆమె పచ్చి పీచ్ పండ్ల ముక్కలు వేసి ఐస్‌క్రీము చేసేది. ఆ ముక్కలకు వేడి తగలలేదు. చేతుల నుంచి పండుకు, పండు నుంచి మనుషులకు జబ్బు పాకిందని ఆయన నిర్ణయించాడు.

ఆరోగ్యంగా కనిపించే చేతులు కూడా సబ్బుతో కడుక్కోవాలని ఈ కథ చెబుతుంది. ఇది బండి ఆయనకే కాదు, తినే మీకూ వర్తిస్తుంది.

బండి కింద బకెట్టు

ఇప్పుడు వంగి బండి కిందికి చూడండి. ఒక బకెట్టు నీళ్లు. తిన్న ప్లేట్లన్నీ అందులోనే మునిగి పైకి వస్తున్నాయి. పది ప్లేట్లు మునిగాక అవి నీళ్లా, పలచటి చట్నీయా? టైఫాయిడ్, కలరా, పచ్చకామెర్లలో కొన్ని రకాలు ఇలాంటి నీటి ద్వారానే వ్యాపిస్తాయి. సరిగ్గా పరీక్షల ముందు పచ్చకామెర్లతో మంచం పట్టి, ఏడాది చదువు పోగొట్టుకున్న స్నేహితుడు మీకూ ఉండవచ్చు. తిన్నది ఒక్క సాయంత్రం. పోయింది ఒక సంవత్సరం.

దీనికి మన పెద్దలు వాడిన ఉపాయమే ఉంది. మన్యంలో కుట్టే అడ్డాకు విస్తర్లు, దొప్పలు కడగక్కరలేదు. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతాయి.

తప్పెవరిది?

ఇదంతా విని బండి ఆయన మీద కోపం తెచ్చుకోకండి. తెల్లవారకముందే లేచి పిండి రుబ్బి, బండి తోసుకు వచ్చి, రాత్రిదాకా నిలబడే మనిషి ఆయన. తక్కువ డబ్బుతో వేల మంది ఆకలి తీరుస్తున్నాడు. బకెట్టులో నీళ్లు మార్చాలని ఆయనకు తెలియక కాదు. కుళాయి ఎంత దూరంలో ఉందో మీరే వెతికి చూడండి. టెక్సాస్ బండికి కట్టిన నీళ్ల పీపా గుర్తుందా? బండికి అన్నిటికంటే ముందు కావలసినది మంచినీరే.

వీధి విక్రేతల జీవనోపాధిని కాపాడటానికి మన పార్లమెంటు 2014లో ఒక చట్టం చేసింది. వారికి చోటు కేటాయించడం, గుర్తింపు పత్రం ఇవ్వడం అందులోని విషయాలే. ఆహార భద్రతా చట్టం ప్రకారం చిన్న బండి కూడా నమోదు కావాలి. చట్టం కాగితం మీద ఉంటే చాలదు. బండ్లు నిలిచే ప్రతి చోటా కుళాయి, మురుగు పోయే తూము, చెత్తబుట్ట ఉండాలి. ఆ ఏర్పాటు నగరానిది. అడగవలసిన బాధ్యత మనది. మూత పెట్టిన చట్నీ ఉన్న బండిని, ప్లేట్లు పారే నీటిలో కడిగే బండిని ఎంచుకుని కొనడం కూడా ఒక రకంగా అడగడమే.

సముద్రం మీద చీకటి పడింది. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె విసనకర్ర విసురుతోంది. నిప్పులు ఎర్రగా వెలుగుతున్నాయి. ఇప్పటిదాకా రాసుకున్న ప్రశ్నలతో ఆమె బండిని పరీక్షించండి. పొత్తు ఆకుల మధ్య భద్రంగా ఉంది. కళ్లముందే నిప్పుల మీద కాలుతోంది. ప్లేటు లేదు, కడగడం లేదు. ఉప్పుకారం పొడివే. నిమ్మచెక్క అప్పుడే కోయమని అడగండి. చేతులు కడుక్కుని హాయిగా తినండి!

చేసి చూడండి

కావలసినవి: అప్పుడే రుబ్బిన దోసెపిండి, ఒకే రకమైన రెండు గాజుగ్లాసులు, రెండు రబ్బరు బ్యాండ్లు.

రెండు గ్లాసుల్లోను సగం దాకా పిండి పోయండి. పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు తగిలించండి. రెంటికీ మూత పెట్టి ఒకటి వంటగదిలో, ఒకటి ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు గంటలకొకసారి మట్టం ఎంత పెరిగిందో స్కేలుతో కొలిచి పట్టిక రాయండి. తరవాత కాలాన్ని అడ్డంగా, ఎత్తును నిలువుగా తీసుకుని రెండు రేఖాచిత్రాలు గీయండి.

ఆలోచించండి

1. సగం వేయించి పక్కన పెట్టిన బజ్జీని మీరు అడిగాక మళ్లీ వేయించి ఇచ్చారు. ఇందులో మంచి ఏమిటి, అనుమానించవలసినది ఏమిటి?

2. ఒక బాక్టీరియం 20 నిమిషాలకు బదులు 40 నిమిషాలకొకసారి రెట్టింపయితే, 4 గంటలకు ఒకటిగా మొదలైనది రాత్రి 8 గంటలకు ఎన్ని అవుతుంది?

3. మీ ఊళ్లో బండ్లు నిలిచే చోటికి దగ్గరలోని మంచినీటి కుళాయి ఎన్ని అడుగుల దూరంలో ఉంది? కొలిచి మీ తరగతిలో చెప్పండి.